కత్తిరించిన రసీదులు

ఆ ఫోను వచ్చేసరికి అనార్కాన్ చేతులు మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. అల్మాటీ నగరంలో పెద్ద బజారు వెనక, కిటికీల్లేని చల్లటి గదిలో పన్నెండుమంది ఆడవాళ్ళు రోజంతా నిలబడి మాంసం కూరిన మంతీలు చుడతారు. కూలి కిలోల లెక్కన. పని మధ్యలో ఫోను ఎత్తితే యజమానురాలు రౌషన్ ముఖం ముడుచుకుంటుంది. కానీ ఫోను సరిహద్దు అవతల సొంత లోయ తలాస్ నంబరు నుంచి. ఊళ్ళో పదహారేళ్ళ కూతురు ఉంది. అనార్కాన్ పిండి చేత్తోనే ఎత్తింది.

"అనార్కాన్ గారేనా? నా పేరు ఇలియాజ్. అప్పుల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా, కొత్తగా చేరాను. మీరు నెలకు ఏడు వేలే కడుతున్నారు. కట్టాల్సింది పదిహేను."

"నేను పదిహేనే పంపుతున్నా బాబూ."

"మాకు ఏడే వస్తోంది. పదకొండు నెలలుగా ఇంతే. ఇట్లాగైతే ఫైలు కోర్టుకు పోతుంది. మీదొక్కటే కాదు, మీ జట్టులో మిగతా నలుగురిదీ."

"ఇంకా ఎంతుంది?"

"వడ్డీతో కలిపి లక్షా తొంభై ఒక్క వేల సోములు. జరిమానా ఇంకా కలపలేదు. డబ్బు ఎవరి చేత పంపుతున్నారు మీరు?"

పని ఉందని చెప్పి ఫోను పెట్టేసింది.

పక్కన నిలబడి మంతీల అంచులు నొక్కుతున్న తోక్తోబుబు అంతా విన్నది. నారిన్ వైపు ఒక బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి, పింఛను చాలక ఈ వయసులో అల్మాటీ చేరిన మనిషి. అందరూ ఆమెను తోక్తో అక్క అంటారు. అనార్కాన్‌దీ ఆమెదీ ఒకటే గది.

"డబ్బు ఎక్కడికైనా పంపమన్నాడా?" అని అడిగింది.

"లేదక్కా."

"ఇవ్వాళ అడగడులే. రేపడుగుతాడు. ముందు భయపెట్టి వదిలేస్తారు, నానబెట్టడానికి. మా ఊళ్ళో ఒకామె ఇట్లాగే ఇంట్లో ఉన్న గొర్రెలన్నీ అమ్మి ఎవడికో పంపేసింది."

ఆ మాటతో అనార్కాన్ ప్రాణం కాస్త కుదుటపడింది. దొంగ ఫోనే అయ్యుంటుంది. కానీ మర్నాడు ఆ కుర్రాడు డబ్బు అడగలేదు. మూడో రోజూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించడం మొదలైంది. వాడు దొంగ కాకపోతే దొంగ ఇంకెవరో కావాలి కదా.

ఆ అప్పు కథ మా లోయలో అందరిదీ. తలాస్‌లో బీన్స్ వేయని ఇల్లు లేదు. భర్త పోయిన రెండో ఏడు అనార్కాన్ పక్క పొలం కూడా కౌలుకు తీసుకుని, విత్తనానికీ మందులకూ అప్పు చేసింది. ఒంటరి ఆడదానికి ఆఫీసు అప్పివ్వదు. ఐదుగురు జట్టు కట్టి, ఒకరికి ఒకరు పూచీ ఉండి, తలా కొంత తీసుకున్నారు. ఆ ఏడు తొంభై సోములు పలుకుతుందనుకున్న కిలో ముప్ఫై ఎనిమిదికి పడిపోయింది. మరుసటి ఏటి పంటకు నీళ్ళు సరిగా అందలేదు. అప్పు రెండు లక్షల నలభై వేలకు పెరిగాక, కూతురు నూర్జాత్‌ను భర్త అక్క బాత్మా దగ్గర ఉంచి ఆమె సరిహద్దు దాటింది. పద్నాలుగు నెలలుగా ప్రతి నెలా ఐదో తారీకున పదిహేను వేల సోములు బాత్మాకు పంపుతోంది. బాత్మా ఆఫీసుకు వెళ్ళి కట్టి, రసీదు ఫోటో పంపుతుంది. ఆ జట్టుకు పెద్ద కూడా బాత్మాయే.

శుక్రవారం సెలవు రోజున తోక్తో అక్క పిండి బస్తా కాగితం చింపి, నేల మీద బోర్లా పడుకుని లెక్క వేసింది. నెల వడ్డీ కలపడం, పదిహేను తీయడం. పద్నాలుగుసార్లు.

"తొంభై ఒక్క వేలుండాలి. ఆ అబ్బాయి చెప్పింది లక్షా తొంభై ఒకటి. సరిగ్గా లక్ష తేడా."

"వాడు పొరపాటు పడ్డాడేమో అక్కా."

"పదకొండు నెలలు ఏడేసి వేలు కట్టినట్టు వేసి చూశా. లక్షా తొంభై ఒకటే వచ్చింది. పొరపాటు ఇంత శుభ్రంగా రాదమ్మా."

అప్పుడు అనార్కాన్ ఫోనులో పాత రసీదుల ఫోటోలు వెనక్కి జరిపి చూసింది. ఇన్నాళ్ళూ ఫోటో వస్తే చాలనుకుంది తప్ప దాన్ని పెద్దది చేసి చూడలేదు. మొదటి మూడు నెలల రసీదులు నిండుగా ఉన్నాయి. పేరు, తేదీ, కింద కట్టిన మొత్తం, సంతకం. నాలుగో నెల నుంచి కాగితం అడుగు భాగం లేదు. పేరుంది, తేదీ ఉంది, ముద్ర సగం ఉంది. అంకె ఉండాల్సిన చోటికి ఫోటో అయిపోయింది. పదకొండు ఫోటోలు, అన్నీ ఒకే చోట తెగాయి.

ఆమె ఫోను బోర్లించి పెట్టింది. తరవాత, "మా వదినకు ఫోటో తీయడం సరిగా రాదు" అంది.

"మొదటి మూడు నెలలు వచ్చిందిగా" అంది తోక్తో అక్క.

బాత్మా అంటే ఎవరు? తమ్ముడు చనిపోయిన రోజున, ఏడుస్తున్న అనార్కాన్‌ను ఒంటి చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో వంటల పొయ్యి దగ్గర వాళ్ళకు పురమాయించిన మనిషి. గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదనే ఊళ్ళో పేరు. ఇప్పుడు నూర్జాత్ తినే రొట్టె ఆమె చేతిది. కూతురు ఎవరి ఇంట్లో పెరుగుతోందో ఆ మనిషిని పట్టుకుని నా డబ్బేదీ అని ఎలా అడగడం? అడిగితే రేపటినుంచి ఆ ఇంట్లో పిల్ల పరిస్థితేంటి? అడగకపోతే ఈ చలి గదిలో తను ఎవరికోసం నిలబడుతోంది?

ఆ సాయంత్రం వీడియోలో మాట్లాడింది. బాత్మా పెరట్లో కూర్చుని ఉంది. వెనక, కంచెకు కట్టేసి, ఎర్రటి పెయ్య ఒకటి కనపడింది. పద్దెనిమిది నెలలుంటాయేమో, బలంగా ఉంది.

"పెయ్యను కొన్నావా వదినా?"

బాత్మా వెనక్కి తిరిగి, అప్పుడే చూసినట్టు చూసింది. "అదా? పక్కింటివాళ్ళది. వాళ్ళ కంచె విరిగితే ఇక్కడ కట్టారు."

"ఏ పక్కింటివాళ్ళది?"

"ఏ పక్కదైతే నీకేంటే, అక్కడినుంచి గడ్డి వేస్తావా? తిన్నావా లేదా చెప్పు."

నూర్జాత్ వచ్చి కూర్చుంది. కాళ్ళకు కొత్త బూట్లు. ఎక్కడివంటే అత్త కొనిచ్చిందంది. "ఫీజుకు డబ్బు చాలిందా?" "చాలిందమ్మా." "అత్త ఆఫీసుకు తనే వెళ్తోందా?" "తనే వెళ్తోందమ్మా." అడిగిన ప్రతిదానికీ జవాబు తక్షణమే వచ్చింది. ఇదివరకు ఆ పిల్ల రెండుసార్లు అడిగితే గానీ పలికేది కాదు.

పెయ్య ధర ఎంతుంటుంది? బూట్ల ధర ఎంత? అనార్కాన్ రెండు రోజులు పిండి పిసుకుతూ అదే లెక్క వేసుకుంది. చివరికి ఒక వల వేసింది. బాత్మాకు ఫోను చేసి, పని తగ్గిందనీ, ఈ నెల పది వేలే పంపగలననీ చెప్పింది.

"పదా? పది చాలదే అమ్మాయ్."

"ఒక్క నెలే కదా వదినా. ఆఫీసులో చెప్పు."

"ఆఫీసు వాళ్ళు వింటారా? అక్కడ ఎవరినైనా చేబదులు అడుగు. మీ యజమానురాలిని అడుగు. ఈ నెల మాత్రం తగ్గించకు. నా మాట విను."

బాత్మా ఎవరినీ బతిమాలగా అనార్కాన్ ఎన్నడూ వినలేదు. ఆ గొంతులో భయం ఉంది. తనకు తెలియని ఖర్చేదో ఉంటే తప్ప ఐదు వేలు తగ్గితే మనిషి అంత భయపడదు.

ఆమె ఆ నెల ఒక్క సోమూ పంపలేదు. పదిహేను వేలకు సరిపడా డబ్బు మార్చుకుని లోపలి జేబులో పెట్టి కుట్టుకుంది. రౌషన్ దగ్గరికి వెళ్ళి వారం సెలవు అడిగింది.

"వారమా? నీ చోట్లో నిలబడ్డానికి పదిమంది ఉన్నారు తెలుసా?" అంది రౌషన్.

"తెలుసు. నా చోట తోక్తో అక్క రోజుకు రెండు గంటలు ఎక్కువ నిలబడతానంది."

రౌషన్ ఆ ముసలామె వైపు చూసి, "ఈవిడ మోకాళ్ళు నాకు తెలియవా?" అని గొణిగి, వెళ్ళమంది.

వస్తున్నానని ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బస్సులో తరాజ్ దాకా, అక్కడినుంచి సరిహద్దు దాకా టాక్సీ. క్యూలో ఊరివాళ్ళెవరైనా కనపడతారేమోనని కండువా ముఖం మీదికి లాక్కుని నిలబడింది. తన ఊరికి తనే దొంగలా వెళ్తున్నట్టు అనిపించి సిగ్గేసింది. అయినా కండువా తీయలేదు.

మొదట ఇంటికి పోలేదు. నేరుగా ఆఫీసుకు వెళ్ళింది. ఇలియాజ్ అనేవాడు నిజంగానే ఉన్నాడు. పాతికేళ్ళు కూడా లేవు, టై కట్టుకుని, ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె పాస్‌పోర్టు చూసి ఖాతా కాగితం తీసిచ్చాడు. మూడు వరసల్లో పదిహేను వేలు. ఆ తరవాత పదకొండు వరసల్లో ఏడు వేలు. అన్నీ ఐదో తారీకునో ఆరో తారీకునో.

"మిగతా ఎనిమిది వేలు ఎక్కడికి పోయాయి?"

"అది నన్నడిగితే ఎలా అక్కా?" అని, కాస్త ఆగి, "మీరు జట్టులో పూచీదారు. జట్టు కాగితం చూసే హక్కు మీకుంది. చూస్తారా?" అన్నాడు.

జట్టు కాగితంలో ఐదు పేర్లు. మూడు పేర్లు దాటాక ఆమె వేలు ఆగింది. సాపర్గుల్. ఆ పేరు ఎదురుగా పోయిన ఏడు రెండు నెలలు ఖాళీ. ఆ తరవాత నెలనెలా ఎనిమిది వేలు. అదే తారీకు, కట్టినవారి సంతకం బాత్మాది.

అనార్కాన్ ఆ కాగితం మడిచి పట్టుకుని చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. బాత్మా తిన్నదని తెలిస్తే ఇంత మండేది కాదు. సాపర్గుల్! నీళ్ళు సరిగా అందని ఆ ఏడు, తన వంతు రోజున కాలువ గట్టు తెంచి నీళ్ళు మళ్ళించిందని తను నడివీధిలో నిలబడి తిట్టిన సాపర్గుల్. మూడేళ్ళుగా పెళ్ళిలో ఎదురుపడినా ముఖం తిప్పుకునే సాపర్గుల్. ఆమె బాకీని తను చలిగదిలో నిలబడి తీరుస్తోందన్నమాట.

బాత్మా ఇంటి గేటు తెరిచే ఉంది. పెయ్య కంచె దగ్గరే ఉంది. బాత్మా పొయ్యిలోంచి రొట్టెలు బయటికి తీస్తోంది. మరదల్ని చూసి చేతిలో రొట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎలా వచ్చావనలేదు, ఎందుకు వచ్చావనలేదు.

"ఆఫీసు నుంచి వస్తున్నా" అంది అనార్కాన్.

"కూర్చో. టీ పోస్తా."

"టీ తరవాత. సాపర్గుల్‌కు నా డబ్బెందుకు కట్టావు?"

బాత్మా రొట్టె బల్ల మీద పెట్టింది. "వాళ్ళాయన రష్యా పోయి ఆరు నెలలకు ఫోను ఆపేశాడు. బతికున్నాడో లేదో, ఇంకో ఆడదాన్ని చూసుకున్నాడో తెలీదు. రెండు నెలలు కట్టలేదు. ఆఫీసు వాళ్ళు జట్టు పెద్దనని నన్ను పిలిచి, మూడో నెల ఆగితే ఐదుగురి మీదా కోర్టుకేస్తామన్నారు. అప్పుడు నీ మీదా కేసే. కోర్టులో కేసున్నవాళ్ళను సరిహద్దు దాటనివ్వరని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నువ్వు ఇటొస్తే మళ్ళీ పోలేవు. అప్పుడెట్లా కడతావు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇచ్చేదానివా? ఆ పేరెత్తితే ఫోను పెట్టేసేదానివి. రెండు నెలలే అనుకున్నానే. వాళ్ళాయన పంపుతాడు, సర్దేస్తాను అనుకున్నా. రెండు నాలుగయ్యాయి. ఆ తరవాత చెప్పడానికి నోరు రాలేదు."

"ఆ పెయ్య?"

"దానిదే. పూచీగా తెచ్చి నా దగ్గర కట్టింది. కాస్త ఎదిగితే మంచి ధర వస్తుంది, అమ్మి నీకే కడదామని చూస్తున్నా. నేనూ ఊరికే లేను. నా రెండు గొర్రెలు అమ్మి రెండు నెలల వాయిదాలో కలిపా." బాత్మా రొట్టె మీద చెయ్యి పెట్టింది. "ఒక్క సోము నేను తిని ఉంటే ఈ రొట్టె నన్ను కొట్టనీ."

మా వైపు రొట్టె మీద ఒట్టు వేస్తే ఇంకా అనుమానించకూడదు. అనార్కాన్ అనుమానించింది. గొర్రెల డబ్బు కలిసి ఉంటే ఆ రెండు నెలలు తన ఖాతాలో ఏడు కాకుండా ఇంకా ఎక్కువ ఉండాలి కదా అనుకుంది. ఆ మాట పైకి అనబోతుండగా ఇంకో సంగతి తట్టింది.

"నీ ఫోనులో ఫోటో తీయడం నీకు రాదు. రసీదు అడుగు భాగం కోసెయ్యడం అసలే రాదు. ఎవరు కోశారు?"

తలుపు దగ్గర చప్పుడైంది. బడి నుంచి వచ్చిన నూర్జాత్ సంచీ భుజానే ఉంచుకుని గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

"నేనే అమ్మా" అంది.

పద్నాలుగు నెలల తరవాత కూతురి ముఖం ఎదురుగా చూడటం అది. దగ్గరికి తీసుకోవాలని చేతులు లేచాయి, మళ్ళీ దిగిపోయాయి.

"నువ్వా? ఎందుకే?"

"సాపర్గుల్ అత్తను జైల్లో పెడతారన్నారు. వాళ్ళ చిన్న పిల్లలిద్దరూ ఎక్కడుంటారని..." నూర్జాత్ గొంతు సన్నగా, కానీ వణక్కుండా ఉంది. "నీకు తెలిస్తే పని వదిలేసి వచ్చి గొడవ చేస్తావని భయపడ్డా. ప్రతిసారీ ఇదే ఆఖరుసారి అనుకున్నానమ్మా."

"నేను తినకుండా పంపిన డబ్బు అది."

"తెలుసు."

"తెలిసీ కోశావా?"

పిల్ల తల దించుకుంది. అనార్కాన్ మరేమీ అనకుండా బయటికి నడిచింది. ఆ ఫోను వచ్చిన దగ్గరనుంచి ఆమె కలలో కూడా అనుమానించని మనిషి ఒక్కతే ఉంది, అది నూర్జాత్.

సాపర్గుల్ ఇంటి గుమ్మంలో గొంతెత్తి పిలవాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. లోపల సాపర్గుల్ నేల మీద గుడ్డ పరుచుకుని, గుట్టగా పోసిన తెల్ల బీన్స్‌లోంచి మచ్చలున్నవాటిని ఏరుతోంది. వ్యాపారి బస్తాకు ఇంత అని కూలి ఇస్తాడు. వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. పక్కన చిన్నపిల్ల నిద్రపోతోంది. అనార్కాన్ గొంతు తనంతట తనే తగ్గింది.

"నా డబ్బని నీకు తెలుసా?"

"తెలుసు" అంది సాపర్గుల్, లేవకుండానే. "మొదటి నెల తెలీదు. రెండో నెల బాత్మా చెప్పింది. నీకు చెప్పమని ప్రతి నెలా అడిగా. వచ్చే నెల, వచ్చే నెల అంది."

"నువ్వే చెప్పొచ్చుగా. నోరు లేదా?"

"నీకా?" ఆమె తలెత్తి చూసింది. "ఆ ఏడు కాలువ గట్టు తెంచానని ఊరంతా వినేలా తిట్టావు. దాన్ని తెంచింది నేను కాదు. పైనుంచి రాళ్ళు దొర్లి తెగింది, నా పొలానికీ ఆ రోజు నీళ్ళు లేవు. అప్పుడు ఎంత చెప్పినా నమ్మలేదు. ఇది మాత్రం నేనే. దీనికి ఎన్ని తిట్టినా పడతా."

అనార్కాన్ గుడ్డ అంచున కూర్చుంది. "బాత్మా గొర్రెలు అమ్మి కలిపానంది. నిజమేనా?"

"గొర్రెలా? నాకు తెలీదు." సాపర్గుల్ కాస్త ఆలోచించింది. "అమ్మిందేమో. నాతో అనలేదు."

"పెయ్యను ఎప్పుడిచ్చావు?"

"మూడో నెలలోనే. అప్పుడది దూడ."

ఇది మాత్రం కలిసింది. అనార్కాన్ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. వెనకనుంచి సాపర్గుల్, "రొట్టె తుంచుకుని వెళ్ళు. ఎంత పగైనా మా ఇంట్లోంచి ఎవరూ ఊరికే పోలేదు" అంది. అనార్కాన్ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అది మింగడానికి వీధి చివరిదాకా పట్టింది.

మర్నాడు ముగ్గురూ కలిసి ఆఫీసుకు వెళ్ళారు. బజారు మధ్యలోంచి నడుస్తుంటే జనం ఆగి చూశారు. బాత్మా ముందు, అనార్కాన్ మధ్య, పది అడుగుల వెనక సాపర్గుల్. ఇలియాజ్ ముగ్గురికీ కుర్చీలు వేశాడు.

"దరఖాస్తు రాసిస్తే ఇద్దరి వాయిదాలూ తగ్గించొచ్చు. కాలం పెంచుతాం. జరిమానా కూడా మేనేజరు ఒప్పుకుంటే తీసేస్తారు" అన్నాడు.

అనార్కాన్ అతని ముఖంలోకి చూసింది. "ఈ దారి పోయిన ఏడు లేదా?"

"ఉందక్కా."

"మరి మా వదినను పిలిచి కోర్టు అన్నారట, ఇది చెప్పలేదేం?"

"అప్పుడు నేను లేను." అతను కలం తిప్పుతూ, గొంతు తగ్గించి, "అడిగినవాళ్ళకే చెప్పమంటారు" అన్నాడు.

బాత్మా ముఖం ఎర్రబడింది. పదకొండు నెలలు ఆమె భయపడుతూ మోసిన బరువు ఒక కాగితంతో తీరేదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ ఒక్క క్షణం అనార్కాన్‌కు వదిన మీద జాలి కలిగింది. ఆ వెంటనే ఇంకో కాగితం అడిగింది. డబ్బు ఇకనుంచి తన ఫోను నుంచే తన ఖాతాలో పడేలా, ఎవరి చేతి మీదుగానూ రాకుండా రాయించుకుంది. బాత్మా పక్కనే కూర్చుని అంతా విన్నది.

ఆదివారం పశువుల సంతలో పెయ్యను అమ్మారు. యాభై నాలుగు వేలు వచ్చాయి. దళారీతో చేతులు కలిపింది బాత్మాయే అయినా నోట్లు లెక్కపెట్టుకుంది అనార్కాన్. సోమవారం వాటితో పాటు జేబు కుట్టు విప్పి పదిహేను వేలూ ఖాతాలో వేసింది. ఆ లక్షలో మిగిలిన నలభై ఆరు వేలకు సాపర్గుల్ నెలకు రెండు వేల చొప్పున ఇస్తానని, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసింది.

నూర్జాత్‌ను వెంట తీసుకుపోదామా అనుకుంది అనార్కాన్. బడికి ఇంకా ఏడాది ఉంది. అల్మాటీ గదిలో నలుగురు పడుకునే చోట పిల్లకు చోటెక్కడ? వెళ్ళే రోజు పొద్దున కూతురికి జడ వేస్తూ, "మళ్ళీ నాకేదైనా దాస్తావా?" అని అడిగింది.

"దాచను."

"దాచేటప్పుడు కూడా ఇట్లాగే అంటావు."

నూర్జాత్ ఏడ్చింది. అనార్కాన్ జడ పూర్తిచేసి, బొట్టనవేలితో పిల్ల చెంపలు తుడిచి, బస్సెక్కింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని సరిహద్దు దాకా బాధపడింది.

తరవాతి నెలలు మామూలుగా గడిచాయి. వాయిదా తొమ్మిది వేలకు దిగడంతో ఆమె చేతిలో కాస్త మిగలసాగింది. మిగిలినదీ అప్పుకే వేసింది. సాపర్గుల్ రెండు వేలు ఒక్క నెల కూడా ఆగలేదు. రెండుసార్లు ముందుగానే వేసింది. బాత్మా వారానికోసారి ఫోను చేసి పిల్ల సంగతులు చెప్పేది. చెప్పినదాన్ని అనార్కాన్ తరవాత నూర్జాత్‌నూ అడిగేది. నూర్జాత్ ఇప్పుడు అడగకుండానే అన్నీ చెబుతోంది, ఆమె వినలేనంత వివరంగా. అత్త ఎన్ని గుడ్లు ఉడికించింది, ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు. ఆ రెండు గొర్రెల సంగతి మాత్రం ఈనాటికీ తేలలేదు.

మరుసటి ఏడు బీన్స్ కోతల వేళకు అప్పు పూర్తయింది. బాకీ సున్నా అని ఫోనుకు సందేశం వచ్చినప్పుడు ఆమె మాంసం గిన్నె ముందు నిలబడి ఉంది. తోక్తో అక్కకు చూపించింది. ముసలామె కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని, ఆ సున్నాను ఏదో తప్పు దొరుకుతుందేమోనన్నట్టు పరీక్షగా చూసి, "సరిపోయింది" అంది. అనార్కాన్ ఆ సందేశం నూర్జాత్‌కు పంపింది. బాత్మాకు పంపలేదు. రేపు పంపుదాంలే అనుకుంది. మర్నాడూ పంపలేదు.

మూడో రోజు బాత్మాయే ఫోను చేసింది.

"నీది తీరిపోయిందట. జట్టు పెద్దనని ఆఫీసువాళ్ళు చెప్పారు."

"అవును వదినా. చెప్దామనుకున్నా, పనిలో పడి మర్చిపోయా."

"అంతేలే, పని." ఆ మాట ఇద్దరూ నమ్మలేదు. బాత్మా గొంతు సవరించుకుంది. "ఈ ఏడు బీన్స్ ధర బాగుంది తెలుసా? ఎనభై దాటింది. సాపర్గుల్ కూడా అంటోంది, వసంతంలో ముగ్గురం కలిసి ఆ కౌలు పొలం మళ్ళీ తీసుకుంటే ఎట్లా ఉంటుందని. విత్తనానికి కొంచెం అప్పు కావాలంతే."

అనార్కాన్ చేతిలోని మంతీ అంచు నొక్కి పళ్ళెంలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది.

"ఎవరి పేరు మీద వదినా?" అని అడిగింది.